గెట్టు పంచాయితీలో పాత అరెస్టు ఉంది, అమెరికా వీసా ఫారంలో ఏం రాయాలి?

మిర్యాలగూడ రైతు:
అన్నలూ, నాకు 58 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలుంది. బిడ్డ డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో కాన్పు. మా ఇద్దరికీ విజిటర్ వీసా కోసం అల్లుడు ఫారం నింపుతూ ఒక్కో ప్రశ్న ఫోన్‌లో చదువుతున్నాడు. "మామా, ఎప్పుడైనా అరెస్టయ్యారా?" అన్నాడు. సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

2011 నాట్లప్పుడు మా పాలోడు (దాయాది) రాత్రికి రాత్రి గెట్టు చెక్కి మూరెడు ఇటు జరిగాడు. పొద్దున నేను మడికి నీళ్లు పెట్టబోతే పార అడ్డం పెట్టాడు. తోసుకున్నాం, అతని మణికట్టు బెణికింది. (నా జేబు చిరిగి బీడీకట్ట బురదలో పడింది, అది ఎఫ్ఐఆర్‌లో రాయలేదు.) అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం అని ఐపీసీ 341, 323, 506 సెక్షన్లు పెట్టారు. అరెస్టు చూపించి, సాయంత్రానికి జమానతు మీద వదిలారు. 2014లో లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. మొన్న అతని మనవడి తొట్టెలకు కూడా పోయి వచ్చాను. ఈ సంగతేదీ అల్లుడికి తెలియదు. ఇక్కడి ఏజెంటేమో "కేసే లేదు కదా, నో కొట్టండి" అంటున్నాడు.

నల్గొండ కోర్టు గుమాస్తా:
నో కొట్టొద్దు. మీ అల్లుడు నింపే ఆ వీసా ఫారం, డీఎస్-160లో శిక్ష పడిందా అనే కాదు, అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. మీది అవునే. కింద ఖాళీలో సంవత్సరం, సెక్షన్లు, రాజీ అయిందని రాస్తే చాలు. బీడీకట్ట సంగతి వద్దు.

ఇవన్నీ రాజీకి వీలున్న సెక్షన్లే. రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క, మీ కేసప్పుడు అమల్లో ఉన్న క్రిమినల్ విచారణ చట్టం సీఆర్‌పీసీ 320(8) చెప్పింది అదే. కానీ ఆ మాట మీ నోట కాదు, కాగితం మీద కనపడాలి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు), మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. కేసు నంబరు గుర్తు లేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతకండి, లేదంటే మీ వకీలు పాత డైరీ తిప్పమనండి. ఇన్నేళ్ల కట్ట రికార్డు రూములో ఏ మూటలో ఉందో, కాబట్టి ఇంటర్వ్యూకు చాలా ముందే కాపీ అప్లికేషన్ పెట్టండి. ప్రతి పేజీ మీద సీలు చూసుకుని మరీ కౌంటర్ వదలండి. ఒకాయన చివరి పేజీ సీలు లేకుండా పట్టుకుపోయి, దేవరకొండ నుంచి మళ్లీ బస్సెక్కి వచ్చాడు. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు తర్జుమా జతచేయండి.

జడ్చర్ల తమ్ముడు:
మా బావది తాగి బండి నడిపిన కేసు. ఏజెంటు మాట విని నో కొట్టాడు. వాళ్లకెట్లా తెలుస్తుందిలే అనుకున్నాడు, ఊళ్లో పడనివాడొకడు మెయిల్ పెట్టాడు. అవునని రాసి ఉంటే డాక్టర్ పరీక్షకు పంపేవాళ్లేమో. అబద్ధమాడాడని తేలేసరికి జీవితాంతం నిషేధం పడింది. ఇప్పుడు వేవర్ కోసం, అంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు కోసం తిరుగుతున్నాడు. ఏజెంటు మాత్రం ఫీజు వాపసు ఇవ్వలేదు.

సూర్యాపేట అక్క:
తమ్ముడూ, మా ఆయనది దసరా పేకాట కేసు. హైదరాబాద్ నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్‌లో ఆఫీసరమ్మ "ఎందుకు అరెస్టు చేశారు?" అంది. ఈయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వీసా ఇంకా తేల్చలేదని 221(జి) స్లిప్ చేతిలో పెట్టి కాగితాలు తెమ్మంది. అయిదు వారాలు నిద్ర లేదు, తర్వాత స్టాంపింగ్ అయి పాస్‌పోర్టులు వచ్చాయి.

నన్నడిగితే కేసు కంటే మీకు 214(బి) భయమే ఎక్కువ, తిరిగిరారనే అనుమానంతో వీసా కాదనే సెక్షన్ అది. తిరిగి ఊరికి వస్తారని వాళ్లకు నమ్మకం కలగాలి. పట్టాదారు పాసు పుస్తకం దగ్గర ఉంచుకోండి, నాట్లకు ఎప్పుడు వస్తారో తడుముకోకుండా చెప్పండి. ఇక అల్లుడికి ఈ రాత్రే చెప్పేయండి, ఫారం నింపేది అతనే కదా.

మిర్యాలగూడ రైతు:
చెప్పేశాను. "ఇంతేనా మామా, ఎవర్నో నరికారనుకున్నా" అన్నాడు. కేసు నంబరు మాత్రం యాప్‌లో దొరకలేదు, వకీలు కాలం చేశాడు. చివరికి మా పాలోడి బీరువాలో దొరికింది. కాగితాలన్నీ ఎరువుల సంచి ప్లాస్టిక్‌లో చుట్టి దాచుకున్నాడు. సోమవారం కోర్టుకు తనూ వస్తానంటున్నాడు, బండి నాది, పెట్రోలు అతనిది.