‘మదుము’ మాట రేడియేటర్‌కి పనికొస్తుందా?

మాది పర్లాకిమిడి. మొన్న చలికాలం ఇంగ్లండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడ గది గోడకి రేకు రేడియేటర్ ఉంటుంది. బాయిలర్‌లో కాగిన నీళ్ళు అందులో తిరిగి గది వెచ్చబడుతుంది. వెనక గోడకి రంగు వెయ్యాలని ఒకరోజు దాన్ని విప్పించారు. ఊరొచ్చాక ఆ పని మా తమ్ముడికి చెప్పబోతే మాటలు చాల్లేదు. "రెండు పక్కలా వాల్వులు..." అంటుండగానే వాడే అందుకున్నాడు: "మదుములు మూసీసినారన్నమాట."

చెరువు తూముని మా వైపు మదుము అంటాం. ఆ మాట ఎంత బాగా అతికిందో చెప్తాను. రేడియేటర్‌కి కింద రెండు కొసలా రెండు వాల్వులు. అందులో లాక్‌షీల్డ్ వాల్వ్ అనేది ప్లాస్టిక్ టోపీ కింద ఉంటుంది, రోజూ ఎవరూ ముట్టుకోరు. బాయిలర్ దగ్గరి రేడియేటరే వేడినీళ్ళన్నీ లాగేసుకోకుండా, చివరి గదికీ అందేలా దాన్ని కొలతగా తెరిచి వదిలేస్తారు. ఎగువ మదుము బార్లా తెరిస్తే శివారు పొలం ఎండుతుంది కదా, అదే లెక్క. అందుకే ప్లంబర్ మూస్తూ చుట్లు లెక్కపెట్టి, రెండున్నర అని ఆ టోపీ లోపలే రాసుకున్నాడు. మళ్ళీ బిగించాక అన్నే తెరిచాడు.

నీళ్ళు తీయడాన్ని మాత్రం ‘వార్చడం’ అందామా? నట్టు వదులు చేసి పళ్ళెం పెడితే సన్నగా కారి ఆగిపోయింది. పైమూల గాలి వదిలే మర విప్పగానే బుడబుడా దిగాయి, నల్లటి తుప్పు నీళ్ళు. నూనె డబ్బాకి రెండో చిల్లు పెడితేనే కదా ధార పడేది!

గుణుపురం నుంచి: మాస్టారూ, మదుముకి సరే. వార్చడానికి ఒప్పుకోను. గంజి వార్చేది అన్నం మిగలడానికి. ఇక్కడ మిగిలేదేముంది? ‘వంపడం’ చాలు.

పర్లాకిమిడి: నిజమేనమ్మా, చివర్న అడుగున ఉన్నవి ఇద్దరం ఎత్తి పెరట్లో వంపాం. కానీ సంధ్య వార్చడం అంటాం, అక్కడ దోసిట్లో నీళ్ళు విడవడమే కదా?

జయపురం నుంచి: కవాటం ఉండగా ఇంత వెతుకులాట ఎందుకండీ? గుండెకి అదే వాడుతున్నాం.

పర్లాకిమిడి: మంచి మాటేనండీ. కవాటం అంటే తలుపు రెక్క. వాల్వ్‌కి మూలమైన లాటిన్ మాటకీ అదే అర్థం. గుండెలో నిజంగానే రెక్కలున్నాయి. ఇక్కడ మర తిప్పితే దిగి దారి మూస్తుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం నోట ఉన్న మాటని ముందు అడగకుండా ఉండలేను.

అయితే రెండో వాల్వుకి మా తమ్ముడి దగ్గరా మాట లేదు. దానికి అంకెల బిళ్ళ ఉంటుంది, గది వేడిని బట్టి తనే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మంచు గుర్తు మీద పెట్టినా గది బాగా చల్లబడితే తెరుచుకుంటుందని, ప్లంబర్ దాని తల తీసి విడిగా మూత బిగించాడు. మీ వైపు దీనికి దగ్గరి మాట ఏదైనా ఉందా?