శ్రీముఖ నామ సంవత్సరపు శ్రీముఖం: 1873దా, 1933దా?

అందరికీ నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున ఒక శ్రీముఖం దొరికింది, అంటే పీఠాధిపతి మఠం తరఫున పంపే అధికారిక లేఖ. సంస్కృతంలో ముఖం అంటే నోరు కూడా కాబట్టి, స్వామివారు స్వయంగా చెప్పిన మాటగానే దాన్ని కళ్లకద్దుకునేవారు.

పైన నాలుగు వరుసల బిరుదావళి, చివర 'ఇతి నారాయణస్మృతిః', కింద ఎర్ర సిరా ముద్ర సగం చెరిగిపోయింది. తేదీ దగ్గర 'శ్రీముఖ నామ సంవత్సర శ్రావణ' దాకా ఉంది, తిథి, వారం ఉన్నచోట చెదలు తినేసింది. ముందు నేను లేఖ పేరే మళ్లీ రాశారనుకున్నా, తర్వాత తెలిసింది అరవై సంవత్సరాల్లో ఏడోది శ్రీముఖ అని. అంటే 1873 లేదా 1933. మా ఇంటిపేరు, గోత్రం తప్ప అందుకున్నవారి పేరు లేదు.

తెలిసిన సిద్ధాంతిగారిని అడిగితే వారం లేకుండా తేల్చలేమన్నారు. మఠానికి ఫోటోలు పంపి రెండు నెలలైంది, జవాబు రాలేదు. లేఖ తెలుగు లిపిలో చేత్తో రాసింది, అచ్చు కాదు.

తిథి, వారం లేకపోయినా కాగితం, సిరా, ముద్ర, అక్షరాల తీరు లాంటివాటిలో దేన్ని చూసి ఇది 1873దో 1933దో చెప్పొచ్చు?