మిస్సమ్మ ముగింపు: కథను విప్పిన మలుపా, కథ నుంచి తప్పించుకున్న మలుపా?

టులెట్_బోర్డు
నలభై నిమిషాల చిన్న సినిమాకి కథ రాస్తున్నాను. హైదరాబాద్‌లో బ్యాచిలర్స్‌కి ఇల్లివ్వరు కదా. ఒకే ఆఫీసులో పనిచేసే అబ్బాయి, అమ్మాయి మొగుడూ పెళ్ళాలమని చెప్పి ఒక మేడమీద పోర్షన్‌లో అద్దెకు దిగుతారు. అబ్బాయి హిందువు, అమ్మాయి క్రిస్టియన్. కింద ఉండే ఓనరు దంపతులు మంచివాళ్ళు. ఆవిడ ఏ పచ్చడి పెట్టినా ఒక గిన్నె పైకి పంపిస్తుంది. ఇక్కడిదాకా బాగానే నడిచింది, ముగింపు దగ్గర బండి ఆగిపోయింది.

నాతో కలిసి రాస్తున్నవాడు "మిస్సమ్మ చూడు, దారి దొరుకుతుంది" అన్నాడు. చూశాను. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: 1955లో ఎల్వీ ప్రసాద్ తీశారు, రచన చక్రపాణి. ఉద్యోగం లేని రావు, అప్పుల్లో ఉన్న మేరీ, అంటే ఎన్టీఆర్, సావిత్రి, దంపతులమని అబద్ధం చెప్పి అప్పాపురం బడిలో మేష్టార్లుగా చేరతారు. ఎందుకంటే భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లే కావాలని ప్రకటన. చివరికి మేరీ ఎవరో కాదు, ఆ ఊరి జమీందారు చిన్నప్పుడు పోగొట్టుకున్న కూతురే అని తేలుతుంది.

నాకిది మోసంలా అనిపించింది. మతాలు వేరని ముడి వేసి, విప్పాల్సిన టైముకి "అసలు ముడే లేదు పొండి" అన్నట్టుంది. మీరేమంటారు?

బెజవాడ_బాబాయ్
తమ్ముడూ, చివరి రీల్లో పైనుంచి ఊడిపడితే మోసం అనాలి. తప్పిపోయిన మహాలక్ష్మి సంగతి మనకి ముందే చెప్పేశారు కదా! జమీందారు మేనల్లుడు ఏకే రాజు, మన నాగేశ్వరరావు, పెద్ద డిటెక్టివ్‌లా పోజుకొడుతూ పుట్టుమచ్చ కోసం వెతుకుతుంటే కామెడీ ట్రాక్ అనుకుని నవ్వుతాం. ముగింపు ఆ నవ్వులోనే దాక్కుని ఉంది. దేవదాసు వేసి రెండేళ్ళు కాకుండానే ఆ మనిషి అలాంటి వేషం ఒప్పుకున్నాడు, అదొక వింత. సరే, అది వేరే చర్చ.

మూడోరీలు
బాబాయ్ గారి మాటకి కొంచెం కలుపుతాను. ఈ కథలో అబద్ధాలు రెండు వరసల్లో నడుస్తాయి. ఒకటి రావు, మేరీ చెప్పేది. అది మనకి తెలుసు, జమీందారుకి తెలియదు. రెండోది మేరీ పుట్టుక. అది మనం కాస్త ముందే పసిగడతాం, మేరీకే తెలియదు. అందరినీ ఏమార్చుతున్నాననుకునే మనిషి తన గురించి తనే తెలియక ఏమారిపోతోంది. జమీందారు దంపతులు రంగారావు, ఋష్యేంద్రమణి ఆమెను కూతురిలా చూసుకుంటుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది, మనకి గుండె తడి అవుతుంది. ఒకే సీనుకి రెండు రుచులు. ఆ మలుపు తీసేస్తే సీమంతం గొడవ ఉత్త హాస్యం, అంతే.

గోదారమ్మాయి
రెండు రుచులేమో గానీ నాకు మూడోది కూడా తగిలింది. మాది క్రిస్టియన్ ఇల్లు. టీవీలో మిస్సమ్మ వస్తే మా అమ్మమ్మ చేతిలో పని వదిలేసి కూర్చునేది. "కరుణించు మేరిమాత" పాటకి సౌండు పెంచమనేది. పాతకాలం తెలుగు సినిమాలో ఒక క్రిస్టియన్ అమ్మాయి చదువుకుని, రోషంగా, ఎవరికీ లొంగకుండా కనిపించడం ఆవిడకి ఎంత గర్వమో. కానీ చివరి పావుగంట వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకసారి ఎందుకమ్మమ్మా అంటే "ఇంకేముందే, ఆ పిల్ల మనది కాదంట" అంది.

కాబట్టి పునాది ముందే వేశారా, లేదా అన్నది నా గొడవ కాదు. వేసి ఏం కట్టారన్నదే.

ఇంటర్వెల్_సమోసా
బ్రో, 1955 దగ్గరే ఎందుకు ఆగారు? రెడీ సినిమా చూడు. హీరో ఆడిటర్ మెక్‌డోవెల్ మూర్తి దగ్గర అసిస్టెంట్‌గా చేరి, హీరోయిన్ మేనమామల ఇళ్ళలో దూరి, ఆ మూర్తిని బకరా చేసి ఎంత నవ్వించాడు! ఓనర్లని గయ్యాళి చేసెయ్, అబద్ధం మీద అబద్ధం పేర్చు, క్లైమాక్స్‌లో అందరినీ ఒకే హాల్లో పడెయ్. అయిపోయింది.

మూడోరీలు
సమోసా గారూ, అక్కడే తేడా. మోసపోయేవాడు చెడ్డవాడైతే మనకి "దొరికిపోతాడా" అన్న టెన్షన్ ఒక్కటే. మోసపోయేవాడు మంచివాడైతే "వీళ్ళ మొహం ఎలా చూస్తారు" అన్నది కూడా తోడవుతుంది. జంధ్యాల గారి అహ నా పెళ్ళంట! (1987) ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. అందులో పిల్ల తండ్రి కోట శ్రీనివాసరావు పిసినారి, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే రకం. పిల్లనివ్వాలంటే ఆయన్ని మించిన పిసినారిలా నటించాలి. కోట చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు, ఆయన రోగానికి ఆయన మందే. అందుకే రాజేంద్రప్రసాద్ మోసం చేస్తున్నా మనకి తప్పు అనిపించదు. పచ్చడి గిన్నె పంపే ఆవిడతో ఆ ఆట ఆడలేవు.

ఇంటర్వెల్_సమోసా
గిన్నె కట్ చేసెయ్ మరి 😄

టులెట్_బోర్డు
గిన్నె కట్ చెయ్యను. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మాయి తనకి రాని వంట నేర్చుకుంటుంది. నా కథలో నాకు నచ్చిన సీను అదొక్కటే.

బెజవాడ_బాబాయ్
గోదారమ్మాయి, మీ అమ్మమ్మగారి మాట గుచ్చుకుంది, కాదనను. కానీ ఒక్కటి చూడమ్మా. మేరీ మనసు మారింది పుట్టుమచ్చ బయటపడ్డాక కాదు. జమీందారు రెండో కూతురు సీతకి రావు సంగీతం చెబుతుంటే కుళ్ళుకుంది, తనకే తెలియకుండా ప్రేమలో పడింది. అప్పటికి ఆమె మేరీయే. రావు ప్రేమించిందీ మేరీనే. మలుపు వల్ల ప్రేమ పుట్టలేదు, పెద్దల ఒప్పుకోలు మాత్రం వచ్చింది. ఆ రోజుల్లో అంతకుమించి ఎవరు తీయగలరు?

గోదారమ్మాయి
బాబాయ్ గారూ, "ఆ రోజుల్లో" అన్నారు కాబట్టి అడుగుతున్నా. మిస్సమ్మ విడుదల 1955 జనవరి 12. మతం మార్చుకోకుండా వేరే మతం వాళ్ళని చేసుకునే వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1. పదకొండు రోజుల తేడా! చట్టసభలో ఒప్పుకున్నది తెరమీద ఒప్పుకోలేకపోయారు.

2022లో అంటే సుందరానికీ అనే సినిమా వచ్చింది. మళ్ళీ హిందూ అబ్బాయి, క్రిస్టియన్ అమ్మాయి, మళ్ళీ అబద్ధాలే. తనకి కడుపొచ్చిందని ఆమె ఇంట్లో, తనకి పిల్లలు పుట్టరని అతను ఇంట్లో. మూడు గంటలు లాగారు, మొదటి సగంలో వెనక్కీ ముందుకీ తిప్పి తల తిప్పించారు, ఒప్పుకుంటాను. కానీ సుందరం తప్పిపోయిన క్రిస్టియన్ బిడ్డ అని మాత్రం చెప్పలేదు. అబద్ధం చెప్పినవాళ్ళే పెద్దవాళ్ళ ముందు నిలబడి ఆ బాకీ తీర్చుకోవాల్సి వచ్చింది.

బెజవాడ_బాబాయ్
చట్టం పార్లమెంటులో పాసైతే చాలు, సినిమా నేల టికెట్టు దాకా పాసవ్వాలి కదమ్మా. అయినా తేదీలు చెప్పి నా నోరు కట్టేశావు. మిస్సమ్మ హాస్యానికి పదికి పది, ముగింపు ధైర్యానికి నాలుగు. ఇంతకంటే తగ్గించను.

నల్లకోటు_నరసాపురం
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా, ఆ చట్టం పేరు వచ్చాక ఉండలేకపోయాను. టులెట్ గారూ, మీ ముగింపు అందులోనే ఉంది. ఆ చట్టం కింద పెళ్ళికి ముందుగా నోటీసు ఇవ్వాలి. దాని నకలు వివాహాధికారి ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. ముప్పై రోజులు ఆగాలి. నోటీసులో పేర్లు, అడ్రసులు, వివాహ స్థితి అన్నీ ఉంటాయి.

అర్థమైందా? మీ జంటకి నిజంగా ప్రేమ పుట్టి, నిజంగా పెళ్ళి చేసుకుందామని వెళ్తే, వాళ్ళింకా పెళ్ళి కానివాళ్ళని గోడమీద అంటిస్తారు. మీ మేడమీద పోర్షన్ డోర్ నంబరుతో సహా.

మూడోరీలు
అబ్బ! అబద్ధం చెప్పినప్పుడు దొరకలేదు, నిజం చెయ్యబోతే దొరికారు.

ఇంటర్వెల్_సమోసా
ఓనరుని రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంట్ రైటర్ని చెయ్ బ్రో. రోజూ టీ తాగి ఆ బోర్డు ముందు నుంచే నడుస్తాడు.

గోదారమ్మాయి
సమోసా, ఇందాకటి నుంచి నీ మీదున్న కోపమంతా పోయింది. కానీ చూసిన వెంటనే అరిపించొద్దు. చూస్తాడు, ఇంటికొచ్చి భార్యకి కూడా చెప్పడు. ముప్పై రోజులు వాళ్ళెప్పుడు నోరు విప్పుతారా అని ఎదురుచూస్తాడు. అప్పుడు నటించేది ఓనరు. మేడమీద వాళ్ళకి ఆ సంగతి తెలియదు.

టులెట్_బోర్డు
రాత్రి పదకొండింటికి నా కో-రైటర్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆవిడ సంగతేంటి? ఆయన చెప్పకపోయినా ఆవిడకి ముందే తెలిసి ఉంటుంది. లేకపోతే ఇద్దరున్న ఇంటికి రెండు గిన్నెలు ఎందుకు పంపిస్తుంది?" అన్నాడు. వెనక్కి వెళ్ళి చూస్తే మూడో సీన్లో నేను నిజంగానే రెండు గిన్నెలు అని రాశాను, పొరపాటున. తీసెయ్యడం లేదు.