పొద్దూకి అంటే పొద్దున కాదు

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు: "పొద్దు అంటే సూర్యుడా, ఉదయమా, టైమా? ఏదో ఒకటి తేల్చండి." తేలదండీ. ఎందుకు తేలదో మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది హనుమకొండ. మా తమ్ముడి భార్య గుంటూరు వైపు పిల్ల. పెళ్లయిన కొత్తలో పరకాల నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి "రేపు పొద్దూకి వస్త బిడ్డా" అంది. ఆ అమ్మాయి తెల్లవారుతూనే లేచి ఉప్మా చేసి, పల్లీల చట్నీ నూరి, మూతలు పెట్టి వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. తొమ్మిదయింది, పదయింది. పెద్దమ్మకు ఏమైందోనని ఒకటే టెన్షన్. పెద్దమ్మ ఆటో దిగింది సాయంత్రం ఆరు దాటాక. "పొద్దున వస్తానన్నారు కదండీ?" అంటే, "గట్లెందుకంట బిడ్డా, పొద్దూకి అంటి గద!" అంది.

ఇద్దరి మాటలోనూ ఉన్నది ఒకటే పొద్దు, అంటే సూర్యుడు. 'పొద్దున' అంటే పొద్దు వచ్చే వేళ. 'పొద్దూకి'లో ఆ పొద్దు గూకిపోతోంది. గూకడం అంటే మునగడం. పుస్తకాల్లో కనిపించే 'క్రుంకు' ఇదే. మన దగ్గర పొద్దు పొడుస్తది, ఎక్కుతది, వాలుతది, గూకుతది. పక్కన ఏ క్రియ ఉందో వినకుండా పొద్దుకు అర్థం చెప్పలేం.

పాత రూపం ప్రొద్దు. తమిళంలో పొళుదు, పోదు, కన్నడంలో హొత్తు. కన్నడం వాళ్లు ఆలస్యమైతే "హొత్తాయ్తు" అంటారు, మనం "పొద్దుపోయింది" అన్నట్టే. తమిళంలో ఆ 'ళు' మామూలు ళకారం కాదు, నాలుక వెనక్కి మడిచి పలికేది. పాత తెలుగు శాసనాల్లోనూ ఆ అక్షరం ఉండేది. అది పోతూ పోతూ కొన్ని మాటల్లో రకారాన్ని వదిలి వెళ్లింది: తమిళ కీళ్, మన క్రింద. ఆ రకారమూ నోట్లో నిలవక కింద అయింది, పొద్దు అయింది. ఇంకోటి చూడండి: తమిళంలో అప్పొళుదు, ఇప్పొళుదు, ఎప్పొళుదు. మన అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు వాటి పక్కన పెడితే పొద్దు ఎక్కడెక్కడ దాక్కుందో తెలుస్తుంది.

గడియ, జాము, యాళ్ల (వేళ) సంస్కృతం నుంచి వచ్చినవి. పొద్దు మాత్రం మన సొంత సరుకు. 

జవాబు, హుజూరాబాద్ నుంచి: అన్నా, బారెడు పొద్దు మర్చిపోయినవ్. "బారెడు పొద్దెక్కిందాక పండుకుంటవా" అని మా తాత దుప్పటి గుంజేటోడు. సాయంత్రం పొలంలో గడియారం చూసేది లేదు. చెయ్యి చాపి, చెట్ల మీదికి పొద్దు ఎంతుందో చూసి, "ఇంకా జానెడుంది, ఈ సాళ్లు అయిపోతయ్" అనేటోడు.

జవాబు, తెనాలి నుంచి: మా వైపు "అస్తమానం ఫోనేనా" అంటాం, ఎప్పుడూ అని అర్థం. ఇందులో పొద్దు లేదుగా?

ఉండేదండీ, జారిపోయింది. మేం "పొద్దస్తమానం" అంటాం, అంటే పొద్దు అస్తమించేదాకా, పగలంతా. తెలుగు పొద్దుకు సంస్కృతం తోక. మీ వైపు తోక ఒక్కటే మిగిలింది. తోకకే రాత్రిళ్లు కూడా కలిసొచ్చాయి, ఇప్పుడు అర్ధరాత్రి ఫోన్ చూసినా అస్తమానమే!

అన్నట్టు 'రేపు'కు కూడా పాత అర్థం తెల్లవారుజామే. దానికి జోడీ మాపు. 'రేపుమాపు'లో ఇద్దరూ ఇంకా కలిసే ఉన్నారు. రేపు మరుసటి రోజైపోయింది గానీ, మాపు మా ఇళ్లలో రాత్రిగానే ఉంది: "మాపటికి ఏం కూర?"

జవాబు, జగిత్యాల నుంచి: మరి ఒక్కపొద్దు? మా వాడకట్టులో తురకోళ్ల రోజాలను కూడా ఒక్కపొద్దులే అంటాం. "ఇయ్యాల ఎన్నో ఒక్కపొద్దు?" అని అడుగుతం.

అక్కా, అది అడుగుతారనే చూస్తున్నా. అక్కడ పొద్దు అంటే అన్నం తినే పూట. రోజుకు ఒక్క పూటే అన్నం తింటే ఒక్కపొద్దు. అసలు అర్థం ప్రకారం రోజాకు అది అతకదు, ఎందుకంటే తెల్లవారకముందే సహరీ, సూర్యాస్తమయానికి ఇఫ్తార్, రెండు పూటలవుతాయి. కానీ అప్పటికే ఒక్కపొద్దు అంటే ఉపవాసం అని స్థిరపడిపోయింది, ఇక లెక్క ఎవరు చూస్తారు? "ఒక్కపొద్దు ఇడిసినవా?" అనే ప్రశ్న రెండు ఇళ్లలోనూ ఒకటే.

ఇంకో సంగతి చెప్పడం మరిచా. పెద్దమ్మ వచ్చిన ఆ రోజు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. మాపటికి అన్నం ముట్టదు. మా మరదలు పొద్దుటి ఉప్మా మళ్లీ వేడిచేసి, మొహమాటపడుతూనే ముందు పెట్టింది. పెద్దమ్మ రెండుసార్లు పెట్టించుకుని, "ఉప్మా చేయమని నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగింది.