ట్రాక్టరు స్నో చెయిన్లు ఇరవై నిమిషాలకే వదులైపోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గుట్టమీది_ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు బఫెలోకి దక్షిణాన గుట్టల మీద ఇల్లు. ఈరీ సరస్సు గడ్డకట్టేదాకా దాని మీంచి గాలి తోలినప్పుడల్లా ఆ మంచంతా మా నెత్తినే. 2022 నవంబరులో మా పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క వారాంతంలో 80 అంగుళాలు పడింది. మంచు తీసే అతను మూడో రోజుకి గానీ రాలేకపోయాడు. అతన్నీ అనలేం, రావడానికి రోడ్డుంటేగా. ఆ దెబ్బతో పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు కొనేశా. హైడ్రోస్టాటిక్ (క్లచ్చుతో గేర్లు మార్చక్కర్లేని రకం), ఫోర్ వీల్, ముందు లోడర్ (ఎత్తి దించే బకెట్), వెనక బ్లేడు. రోడ్డు నుంచి గరాజ్ దాకా 350 అడుగుల కంకర దారి, అందులో పై 100 అడుగులు బాగా ఏటవాలు.

టైర్లు ఆర్4 రకం (వెడల్పు గుబ్బలుండేవి), వెనకవి 15-19.5 సైజు. మెత్తటి మంచులో బానే లాగుతాయి. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందా, నాలుగు చక్రాలూ ఒక్కచోటే గిరగిరా తిరుగుతాయి. అందుకని వెనక చక్రాలకి నిచ్చెన రకం చెయిన్లు (రెండు పక్క చెయిన్ల మధ్య మెట్లలా అడ్డ చెయిన్లుండేవి) తెచ్చా. దుకాణం అతను టైరు సైజు అడిగి చేతిలో పెట్టాడు, అంతే.

చెయిన్లు వేయడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఒక్కోటి ఎత్తేసరికి నడుం పట్టేసింది. శక్తికొద్దీ లాగి బిగించాననే అనుకున్నా. ఇరవై నిమిషాలు మంచు తోశానో లేదో, ఎడమ మడ్‌గార్డు కింద ఠంగ్ ఠంగ్‌మని మోత. దిగి చూస్తే లోపలివైపు చెయిన్ దండలా వేలాడుతోంది, మడ్‌గార్డు లోపల పెయింటు గీరుకుపోయింది, వెనక లైటు వైరు తెగి ఊగుతోంది. మళ్ళీ బిగించా, మళ్ళీ అదే కథ.

తెనాలి దగ్గర మా ఊళ్ళో దమ్ము చక్రాలు ఎక్కించడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. అవి ఇనుప చక్రాలు, బోల్టులు వేస్తే కదలవు. ఇవి మాత్రం పాముల్లా జారుతున్నాయి. అసలు ఎంత బిగువుండాలి? బయటవైపు రబ్బరు తాళ్ళు వేస్తే సరిపోతుందా?

యూపీ_మంచుమనిషి:
(యూపీ అంటే ఉత్తరప్రదేశ్ కాదు, మిషిగన్ అప్పర్ పెనిన్సులా. ప్రతిసారీ చెప్పుకోవాల్సి వస్తోంది.)

తమ్ముడూ, రబ్బరు తాళ్ళ సంగతి తర్వాత. ముందు రెండు ఫొటోలు పెట్టు, లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. కొసలు కలిసిన చోట రెండు పక్కలా ఎన్ని లింకులు మిగిలాయో లెక్కపెట్టి చెప్పు. బయట నిలబడి లాగేవాడికి బయటివైపే బిగుస్తుంది. లోపలి హుక్కు అందక ఏదో ఒక లింకుకి తగిలించేస్తాం. నాలుగు చుట్లు తిరిగేసరికి చెయిన్ మొత్తం లోపలికి జారుతుంది. నేనూ మొదటి ఏడాది ఇదే చేశా.

ఇంకోటి. అడ్డ చెయిన్లను పక్క చెయిన్‌కి పట్టి ఉంచే కొక్కేలుంటాయి చూడు, వాటి తెరిచిన నోళ్ళు టైరు వైపు కాకుండా బయటికి తిరిగి ఉండాలి. తిరగేసి వేస్తే టైరు పక్కగోడని కోసేస్తాయి.

గుట్టమీది_ఇల్లు:
ఫొటోలు పెట్టా అన్నా. ఎడమ టైరుకి బయట ఆరు లింకులు మిగిలాయి, లోపల రెండే. కుడి టైరుకి బయట ఐదు, లోపల మూడు. కొక్కేలు మాత్రం బయటికే ఉన్నాయి, అదృష్టం.

యూపీ_మంచుమనిషి:
దొరికింది దొంగ. ఎడమది నాలుగు లింకుల తేడా, మోగక ఏం చేస్తుంది? రెండూ విప్పెయ్.

ఈసారి ఎత్తొద్దు, ట్రాక్టరుతోనే ఎక్కించు. మంచు లేని చదును నేల చూసుకో. చెయిన్‌ని టైరు వెనక తిన్నగా, మెలికల్లేకుండా పరిచెయ్. ముందు కొసని టైరు వెనకవైపు, నడుమెత్తున, రిమ్ము కన్నానికి తాడుతో కట్టు. ఇంట్లోవాళ్ళని దూరంగా నిలబెట్టి, లో గేర్లో నత్తలా ముందుకి పోనీ. చక్రమే చెయిన్‌ని లాక్కుంటుంది. ఒక చుట్టు తిరిగేసరికి రెండు కొసలూ వెనకవైపే నడుమెత్తులో కలుస్తాయి. ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, బకెట్ నేలకి ఆనించి, అప్పుడు చెయ్యి పెట్టు. నడుస్తున్న ట్రాక్టరు చెయిన్‌ని చేత్తో సర్దబోయి వేళ్ళు పోగొట్టుకోవద్దు.

మొదట లోపలి హుక్కు. పడుకునైనా సరే, అందే చివరి లింకుకి తగిలించు. తర్వాత బయటిది, అదే లింకుల లెక్కకి. అడ్డ చెయిన్లు టైరుకి తిన్నగా అడ్డంగా ఉన్నాయో లేదో చూడు, ఏటవాలుగా కనిపిస్తే ఒక పక్క తేడా ఉన్నట్టే. ఓ ఇరవై అడుగులు పోయి ఆపు, మళ్ళీ ఒక లింకు దొరుకుతుంది, బిగించు. పావుగంట పనిచేశాక ఇంకోసారి చూడు. క్యాములు (పక్క చెయిన్‌ని బిగించే తిప్పుడు బిళ్ళలు) అన్నిటికన్నా ఆఖరున తిప్పాలి. చేత్తో తీయాల్సిన వదులు క్యాముతో తీద్దామనుకుంటే కుదరదు. రబ్బరు తాళ్ళూ అంతే, బిగువున్న చెయిన్‌ని అలాగే ఉంచడానికి పనికొస్తాయి తప్ప వదులు చెయిన్‌ని బిగించలేవు. పైగా చలికి పుటుక్కున తెగుతాయి.

మిగిలిన లింకుల్ని వైరుతో పక్క చెయిన్‌కి కట్టెయ్. ఈ సీజన్ అయ్యేదాకా కొయ్యొద్దు.

ఫొటోలో ఇంకోటి కనిపించింది. నీవి నాలుగు లింకులకో అడ్డ చెయిన్ ఉన్న రకం. ఆర్4 మీద ఇవి కొన్నిచోట్ల గుబ్బల మధ్య సందులో దిగబడిపోతాయి. రెండు లింకులకో అడ్డం ఉన్నవైతే ఎప్పుడూ ఒకటి గుబ్బ మీద ఉంటుంది, కుదుపూ తక్కువ. ఆ దుకాణం అతను టైరు రకం కూడా అడిగి ఉండాల్సింది. ఈ ఏడాదికి వీటితో కానిచ్చెయ్.

కొత్తగా_కొన్నా:
మధ్యలో దూరుతున్నా. ముందు చక్రాలకి కూడా వేయాలా?

వర్మాంట్_వదిన:
@కొత్తగా_కొన్నా మొదట వెనక చక్రాలకే. ముందు చక్రాలకి వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చెయిన్ లోడర్ ఫ్రేముకో, గొట్టాలకో తగులుతుందేమో చూసుకోవాలి. వెనక ఏమీ లేకుండా ముందుకి మాత్రం వేయొద్దు, వాలులో దిగేటప్పుడు వెనకభాగం పక్కకి తిరిగిపోతుంది.

అసలు నేను రాద్దామనుకున్నది వాలు గురించే. @గుట్టమీది_ఇల్లు గారూ, మీ 100 అడుగుల ఏటవాలు చదవగానే నా గుండె గుభేలుమంది. చెయిన్లు లేని రోజుల్లో బకెట్ నిండా మంచుతో టూ వీల్లో కిందికి దిగా. ఇలాంటి చిన్న ట్రాక్టర్లకి సాధారణంగా బ్రేకులుండేది వెనక చక్రాలకే. బకెట్ బరువుకి వెనక తేలిపోయి ఉంది. బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ఆగాయి, ట్రాక్టరు ఆగలేదు! చక్కగా స్లెడ్జిలా జారుతూ పోస్టు డబ్బాని కొట్టి గుంటలో ఆగింది. నాకేం కాలేదు. మా ఆయన ఇప్పటికీ ఆ డబ్బాకి నా పేరు పెట్టి పిలుస్తాడు.

చెయిన్లున్నా సరే, దిగేటప్పుడు ఫోర్ వీల్లోనే దిగండి. అప్పుడు ముందు చక్రాలు కూడా ఆపడానికి సాయం చేస్తాయి. లో రేంజి, బకెట్ నేలకి జానెడెత్తులో. వెనక బరువుండాలి. బ్లేడు ఒక్కటే చాలదు, టైర్లలో ద్రవం నింపించారా?

గుట్టమీది_ఇల్లు:
వదినగారూ, మీ పోస్టు డబ్బా కథ మా ఆవిడకి చదివి వినిపించా, ఇప్పుడు ఆవిడ నన్ను ట్రాక్టరు ఎక్కనివ్వడం లేదు :)

టైర్ల సంగతి నాన్న కూడా వీడియో కాల్లో అదే అన్నారు. "ముప్పావు వంతు నీళ్ళు పట్టించరా, మనూళ్ళో అందరూ చేసేదే" అని. ఇక్కడ నీళ్ళు పోస్తే లోపలే గడ్డకడతాయి నాన్నా, బీట్ రసం పోస్తారు అన్నా. చక్కెర తీసే బీట్‌దండీ, గడ్డకట్టదు. "ట్రాక్టరుక్కూడా రసం పోస్తున్నారట్రా" అని అమ్మని పిలిచి మరీ చెప్పారు. వచ్చే వారం పోయించడానికి మాట్లాడా.

ఇక చెయిన్లు. నిన్న సాయంత్రం అన్న చెప్పినట్టే తాడు కట్టి ఎక్కించా. ఆదివారమంతా తిన్న పని గంటంబావులో అయిపోయింది. ఎడమవైపు ఇప్పుడు లోపల ఐదు, బయట ఐదు. ఇరవై అడుగులు పోయి ఆపితే నిజంగానే ఒక లింకు దొరికింది, పావుగంటకి ఇంకో అరలింకు. క్యాములు తిప్పాక పక్క చెయిన్‌ని వేలితో మీటితే కదల్లేదు. మడ్‌గార్డుకీ చెయిన్‌కీ మధ్య నా రెండు వేళ్ళు దూరుతున్నాయి. అది చాలా అన్నా?

యూపీ_మంచుమనిషి:
రెండు వేళ్ళంటే అంచునే ఉన్నావు. మోత లేకపోతే ఈ ఏడాది నడిచిపోతుంది. వచ్చే ఏడాది రెండు లింకుల రకం కొంటావుగా, అప్పుడు చక్రాలకి స్పేసర్లు కూడా వేయించి కాస్త బయటికి జరుపు. ఆ తెగిన వైరు మళ్ళీ అదే దారిలో కట్టకు, మడ్‌గార్డు పైనుంచి తిప్పు. గరాజ్ ముందు తారుంటే దాని మీద అక్కడికక్కడే మలుపులు తిప్పకు, గీతలు పడిపోతాయి.

గుట్టమీది_ఇల్లు:
వైరు ఇందాకే పైనుంచి తిప్పి క్లిప్పులు వేశా. గరాజ్ ముందు కాంక్రీటే, అప్పుడే మూడు తెల్లగీతలు పడ్డాయి, మా ఆవిడ ఇంకా చూడలేదు. కుడి టైరుకి మాత్రం ఇంకా ఒక లింకు తేడా ఉంది, చీకటిపడి వదిలేశా. రేపు మధ్యాహ్నం నుంచి మళ్ళీ మంచు అంటున్నారు. పొద్దున్నే విప్పి సరిచేస్తా.