కుక్క పెంట ఎత్తే బిజినెస్: అపార్ట్‌మెంట్ కాంట్రాక్టు పట్టాలా, ఇళ్లే పెంచుకోవాలా?

ఫ్రిస్కో శ్రీమతి: డాలస్ ఉత్తరం వైపు ఇళ్ల బ్యాక్‌యార్డుల్లో కుక్క పెంట ఎత్తే సర్వీస్ నడుపుతున్నాను. మా ఆయనది హెచ్1బీ వర్క్ వీసా, భార్యగా నాది హెచ్4, దాని మీద పని చేసుకునే అనుమతి (ఈఏడీ) ఉంది. కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) నా పేరు మీదే ఉంది. ఇంటికి వారానికి 20 డాలర్లు. నలభై ఇళ్ల దాకా ఉన్నాయి గానీ ఫ్రిస్కోలో కొన్ని, మెకిన్నీలో కొన్ని, ఇర్వింగ్‌లో కొన్ని. ఇప్పుడొక పెద్ద అపార్ట్‌మెంట్ వాళ్లు వారానికి మూడు రోజులు వచ్చి లాన్ అంతా శుభ్రం చేసి, పెంట ఎత్తే కవర్లుండే డబ్బాలు నింపిపొమ్మంటున్నారు. నెలకు ఒకే చెక్కు. మా ఆయన ఒప్పుకోమంటున్నారు. నాకే మనసొప్పడం లేదు.

గోదారోడు: ఇంకా ఆలోచనేంటండీ, ఒప్పేసుకోండి. ఇళ్లవాళ్లు ఇండియా వెళితే ఆపేస్తారు, చలికాలం వస్తే ఆపేస్తారు. అపార్ట్‌మెంట్ ఆపదు.

లెక్కల మాస్టారు: ఆపదు సరే, డబ్బు ఎప్పుడిస్తుందో కూడా చెప్పాలిగా. మేనేజ్‌మెంట్ కంపెనీలు బిల్లు చేతికిచ్చాక 30 రోజులకో 45 రోజులకో చెక్కు పంపుతాయి. ఇళ్లవాళ్ల కార్డు మీద నెల మొదట్లోనే తీసుకోవచ్చు. పైగా వచ్చే ఏడు ఎవరో కాస్త తక్కువకి కోట్ చేస్తే మీ ఆదాయంలో పెద్ద ముక్క ఒక్క ఈమెయిల్‌తో పోతుంది.

అసలు జబ్బు వేరే ఉంది. యార్డులో పని పది నిమిషాలు అనుకుందాం. ఇంటికీ ఇంటికీ మధ్య డ్రైవ్ 20 నిమిషాలైతే గంటకు రెండిళ్లు, 40 డాలర్లు. అదే ఐదు నిమిషాలైతే నాలుగిళ్లు, 80 డాలర్లు. రేటు పైసా పెంచకుండానే రెట్టింపు! ఇర్వింగ్ వదిలేయండి. ఫ్రిస్కోలో ఉన్న ఇళ్లకు అటూ ఇటూ తలుపులకు కాగితాలు తగిలించండి, పక్కింటివాళ్లని చేర్పించినవాళ్లకి ఒక నెల ఉచితం అనండి. ఈ వీధి బుధవారం అంటే బుధవారమే. కొత్త ఇంటికి మొదటిసారి మాత్రం గంటల లెక్కన తీసుకోండి, ఆరు నెలల పెంట 20 డాలర్లకి ఎత్తకండి.

టెక్సాస్‌లో చెత్త తీసుకెళ్లే సేవ మీద సేల్స్ ట్యాక్స్ ఉంది. మీకెలా వర్తిస్తుందో సీపీఏని (అకౌంటెంట్‌ని) అడిగి పెట్టుకోండి.

బంజారాహిల్స్ బాబు: అంత చదువుకుని అమెరికా వెళ్లింది ఇందుకా? ఊళ్లో తెలిస్తే ఏమంటారు?

ప్లేనో పిన్ని: ఊళ్లో ఇలాంటి పని తరతరాలుగా ఎవరి చేత చేయించామో వాళ్లనడగండి బాబూ, ఏమంటారో.

శ్రీమతి గారూ, నేను వెటర్నరీ క్లినిక్‌లో పని చేస్తాను. అపార్ట్‌మెంట్ లాన్ అంటే వందల కుక్కలు తిరిగే చోటు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. అక్కడ తొక్కిన బూట్లతో ఒక కుక్కపిల్ల ఉన్న ఇంట్లోకి వెళ్లారంటే మీ పేరు పోయినట్టే. బూట్లు, పారలు ముందు బురద పోయేలా కడిగి, 30 వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఏలికపాముల గుడ్లు బ్లీచ్‌కి కూడా చావవు, అందుకే బ్రష్‌తో రుద్దడం ముఖ్యం. కాంట్రాక్టు ఒప్పుకుంటే దానికి వేరే బూట్లు, వేరే రోజు పెట్టుకోండి. ఇంకొకటి, బయటికి వచ్చేముందు గేటు మూసినట్టు ఫోటో తీసి పంపండి. కుక్క తప్పించుకుంటే పెంట గొడవ ఎవరికీ గుర్తుండదు.

గోదారోడు: ఇన్ని జాగ్రత్తలంటే ఒక్కరి వల్ల కాదు. యూటీ డాలస్ యూనివర్సిటీలో చదివే మన పిల్లల్ని క్యాష్ ఇచ్చి పెట్టుకోండి.

లెక్కల మాస్టారు: ఆ సలహా మాత్రం వద్దు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే వాళ్ల స్టేటస్‌కే ఎసరు. హెచ్1బీ మీదున్న మీవారు శనివారం వచ్చి పార పట్టుకున్నా చిక్కే, ఆ వీసా ఆయన కంపెనీ పనికే. పని చేసే అనుమతి ఉన్న మనిషిని, ఇన్సూరెన్స్‌తో, జీతానికి పెట్టుకోండి. అది భరించగలిగే రోజు వచ్చాక కాంట్రాక్టుల సంగతి చూడొచ్చు.

ఫ్రిస్కో శ్రీమతి: మా ఆయన పోయిన వారమే కొత్త గ్లవ్స్ కొనుక్కున్నారు. ఇవాళే దాచేస్తా! అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇప్పుడు కాదని చెప్పేశాను. ఇర్వింగ్ ఇళ్లు ఈ నెలాఖరుకి ఆపేస్తున్నా.

గోదారోడు: ఊరికే ఆపేయకండి మేడం, వాళ్లని అడిగి మాకిప్పించండి. మేముండేది ఇర్వింగ్‌లోనే. మా ఆవిడకి మొన్ననే ఈఏడీ వచ్చింది.