సమస్య: ఓడువాడె గెలిచె నూరు మెచ్చ

ఇది ఆటవెలది పద్యానికి నాలుగవ పాదం; ముందు మూడు పాదాలు రాసి పద్యాన్ని పూర్తి చేయడమే పూరణ. అమెరికా నటుడు జాన్ కజాల్ (1935–1978) జీవితాన్ని ఆధారంగా చేసుకొని పూరించాలని సభ్యులను కోరాను. ఎక్కువగా బలహీనులు, భీరువులు, ఓడిపోయేవారి పాత్రలే ధరించిన ఆయన నటించిన కథాచిత్రాలు ఐదే; ఆ ఐదూ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పోటీలో నిలిచాయి, మూడు గెలిచాయి. ఆయనకు మాత్రం ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు.

మొదటి పూరణ (‘ది గాడ్‌ఫాదర్’, 1972లో మాఫియా నాయకుడి కొడుకు ఫ్రెడోగా):

తండ్రి కూలుచుండ దత్తరపాటుతో
చేతి గన్ను జారి చేష్ట లుడిగి
బాట యంచు మీద బాలునివలె నేడ్చి
యోడువాడె గెలిచె నూరు మెచ్చ

వ్యాఖ్య: దృశ్యం కళ్లకు కట్టింది. ‘గన్ను’ ఎందుకని ఒక సభ్యులు అడిగారు. ‘తుపాకి’ జగణం (లఘువు, గురువు, లఘువు) కాబట్టి ‘చేతి’ తరువాత ఈ పాదానికి కావలసిన సూర్యగణాల్లో (గలం, నగణం) ఇమడదు. జనం నోట నలిగిన మాటే కనుక ‘గన్ను’ ఉండవచ్చు. అసలు చిక్కు అన్వయంలో ఉంది: ఏడ్చినది పాత్ర, గెలిచినది నటుడు. ‘బాలుడై నటియించి’ అంటే అన్వయం కుదురుతుంది గాని ఏడుపు పోతుంది. తండ్రిని కాపాడలేక రోడ్డు పక్కన కూలబడి ఏడ్చిన ఆ ఏడుపే ఫ్రెడోకు ప్రాణం కాబట్టి నేను మొదటి పాఠాన్నే నిలుపుతాను.

రెండవ పూరణ:

భాష రాక నిలిచి బస్సుకై వేచెడి
గుప్త పాత్ర దాల్చి కుములుచుండి
రంగమందు నోబి రాబట్టుకొన్నట్టి
యోడువాడె గెలిచె నూరు మెచ్చ

వ్యాఖ్య: సినిమాకు ముందటి కజాల్‌ను తలచినందుకు సంతోషం. 1968లో న్యూయార్క్‌లో ఆడిన ‘ది ఇండియన్ వాంట్స్ ది బ్రాంక్స్’ నాటకంలో ఇంగ్లీషు రాని భారతీయుడు గుప్తను ఇద్దరు కుర్రాళ్లు వేధిస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు అల్ పచీనో. గుప్తగా నటించిన కజాల్‌కూ, పచీనోకూ ఓబీ (న్యూయార్క్ చిన్న రంగశాలల నాటకాలకు ఇచ్చే) పురస్కారం లభించింది. ‘ఓబీ’ని హ్రస్వం చేయడం గణం కోసమే, క్షమించవచ్చు. ‘గుప్త పాత్ర’లోని శ్లేష మాత్రం ఈ పద్యానికి మణి: కథలో వెనుకనే ఉండి, చూసేవారి మనసులో మెల్లగా ముందుకు వచ్చే నటుడికి అంతకన్న తగిన మాట దొరకదు.

నా పూరణ:

అయిదు చిత్రములనె యవనిపై మిగిలించి
పిన్న వయసునందె వెళ్లిపోయి
ఆస్కరంద కున్న నభినయ బలముతో
నోడువాడె గెలిచె నూరు మెచ్చ

రెండవ పాదంలో పి–వె యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు) చెల్లుతుందా అని ఒకరు సందేహించారు. ప, ఫ, బ, భలకు వకారంతో మైత్రి ఉంది, ఇ–ఎలకూ ఉంది, కాబట్టి చెల్లుతుంది. ‘మిగిలించి’ అన్న మాట కావాలనే వేశాను: ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే ‘ది డీర్ హంటర్’లో నటించిన ఆయన 1978 మార్చిలో, 42 ఏళ్లకే కన్నుమూశారు; ఆ చిత్రం డిసెంబరులో గాని విడుదల కాలేదు.